ఏడో సాంచాకు కట్టిన దారం

సూరత్ నుంచి కొంకణం అడవుల దాకా మోటారుసైకిలు మీద ఒక్కణ్ణే వెళ్ళొచ్చానంటే మావాళ్ళెవరూ నమ్మరు. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. నాకు యాభై రెండేళ్ళు. నడుం ఎప్పుడో మొరాయించింది. ముప్పై ఏళ్ళు మరమగ్గాల మోతలో నిలబడ్డ పుణ్యానికి కుడి చెవి సగమే పనిచేస్తుంది. బండి సంగతి చెప్పకపోవడమే మంచిది. సూరత్‌లో మా పేట లింబాయత్‌లో ఇంటికీ కార్ఖానాకూ మధ్య తిరగడమే దానికి తెలిసిన ప్రపంచం. నాకూ అంతే.

అవి దీపావళి సెలవులు. సూరత్‌లో కార్ఖానాలన్నీ మూతబడి, మావాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని తెలంగాణ బస్సులెక్కే రోజులు. నేను కూడా నా భార్యను బస్సెక్కించాను. వెనక నాలుగు రోజుల్లో వస్తానని చెప్పాను.

"కార్ఖానా బంద్ వెట్టినంక నీకేం పనున్నది ఈడ?" అంది కిటికీలోంచి.

నేను నీళ్ళ సీసా కిటికీలోంచి అందించాను.

"గా కొంకణపాయన తానకే గదా పోయేది? పోతె పో. ఇప్పుడన్నా చెప్పిరా. చెప్పకుంట వస్తే నాకు మొఖం చూపెట్టకు."

నా భార్య మెత్తగా మాట్లాడే మనిషి కాదు. కానీ న్యాయం తప్పి కూడా మాట్లాడదు. ఆమె అన్నట్టు నేను చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. "భావూ, ఆ రోజు నేను నీకు చెప్పలేదు." ఇంతే. ఈ మాత్రం మాటకు నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

భావూ అంటే మరాఠీలో అన్నా అని. అతను నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకే కార్ఖానాలో ఒకే ఎనిమిది సాంచాలు నడిపేవాళ్ళం. సాంచా అంటే మరమగ్గం. పగటి పాళీ ఒకరిది, రాత్రి పాళీ ఒకరిది. పన్నెండు గంటలు అతనివి, పన్నెండు గంటలు నావి. లింబాయత్‌లో అద్దె గదిలో పరుపు కూడా అంతే. అతను లేచి పనికిపోతే నేను వచ్చి ఆ వెచ్చదనంలోనే పడుకునేవాణ్ణి. పెళ్ళయ్యాక కూడా చాలా ఏళ్ళు నా భార్య ఊళ్ళోనే ఉంది కాబట్టి, లెక్క చూస్తే ఆమెకంటే అతనితోనే నేను ఎక్కువ కాలం పరుపు పంచుకున్నాను. పదకొండేళ్ళ పాటు ఒకరి తల ఆనించిన చోట మరొకరు తల పెట్టాం. అయినా మేమిద్దరం ఎదురుపడి మాట్లాడుకునేది పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు.

ఆ పది నిమిషాలకు ఒక పద్ధతి ఉండేది. పాళీ దిగేవాడు ఎక్కేవాణ్ణి వెంటబెట్టుకుని ఎనిమిది సాంచాల చుట్టూ తిప్పాలి. దీనికి పోగులు తెగుతున్నాయి, దీని పడుగు చుట్టిన బీము అయిపోవచ్చింది, దీని చప్పుడు బాగాలేదు, అని ఒక్కొక్కటీ అప్పజెప్పాలి. ఏదైనా సాంచా ప్రమాదకరంగా ఉంటే దాని పిడికి ఎర్ర చిందీ గుడ్డ కట్టాలి. చిందీ కట్టిన పిడి మీద మాస్టర్ వచ్చి బాగుచేసేదాకా ఎవరూ చెయ్యి వేయరు. అతను ఈ పద్ధతిని దేవుడి పనిలా చేసేవాడు. నేను సగం సగం చేసేవాణ్ణి. కార్ఖానా మొత్తంలో అతనంత జాగ్రత్త మనిషి లేడని మాస్టరే అనేవాడు. నా గురించి మాస్టర్ ఏమనేవాడో ఇక్కడ రాయను.

వారానికి ఒకరోజు కార్ఖానా బందు. ఆ రోజు ఇద్దరం మేలుకునే ఉండేవాళ్ళం. పరుపు ఒక్కటే కాబట్టి గదిలో ఉంటే పేచీ అని డుమస్ బీచికి పోయేవాళ్ళం. టమాటా బజ్జీలు తింటూ సముద్రాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. అప్పటికే అతను మావాళ్ళ మధ్య తిరిగి తిరిగి మా తెలుగు నేర్చాడు.

"ఇదేం సముద్రం తమ్మీ, బురద నీళ్ళు" అనేవాడు. "మా తాన అడవే సముద్రం దాకా వస్తది. చెట్లు నీళ్ళల్ల కాళ్ళు వెట్టుకుని నిలవడతయ్. జీడిచెట్లు, మామిడిచెట్లు, అటు సూస్తె కొండ, ఇటు సూస్తె నీళ్ళు. నువ్వొకసారి రావాలె."

"చెట్లకు కాళ్ళెక్కడియి?" అని ఏడిపించేవాణ్ణి.

వస్తానని ఎన్నిసార్లు అన్నానో. మాట ఇవ్వడంలో నాకెప్పుడూ లోటు లేదు.

వల్సాడ్, వాపీ దాటేదాకా పెద్దరోడ్డు మీద లారీల మధ్య నలిగాను. థానే దగ్గర ఒక గంట ఎండలో ఆగిపోయాను. హెల్మెట్ లోపల ఆ ఒక్క మాటనూ బట్టీ పడుతూ వచ్చాను. నా చెవికి వినబడాలంటే నేను కొంచెం గట్టిగానే అనాలి. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు ఉలిక్కిపడి నావైపు చూశాడు. "నీతో కాదు" అన్నాను హిందీలో. అతను బండిని రెండడుగులు పక్కకు జరుపుకున్నాడు. సాయంత్రానికి పన్వేల్ చేరి ఒక లాడ్జిలో పడ్డాను. గదిలో నేనొక్కణ్ణే ఉండటం, మంచం మొత్తం నాదే కావడం వింతగా అనిపించింది. నిద్ర పట్టలేదు.

మర్నాడు గోవా రోడ్డు వదిలి సముద్రం పక్క దారి పట్టాను. అక్కడినుంచి అడవి మొదలైంది. ఎర్ర రాతి గుట్టలు, వాటి మీద జీడితోటలు, మామిడితోటలు, మధ్యమధ్య పనసచెట్లు, చెట్ల కింద మోకాలెత్తు ఎండుగడ్డి. దారి గుట్ట ఎక్కుతుంది, దిగుతుంది, ఒక మలుపు తిరగగానే కింద సముద్రం కనబడుతుంది, మళ్ళీ చెట్లు మింగేస్తాయి. గంటకొక బండి ఎదురైతే గొప్ప. అందంగా ఉంది, కాదనను. కానీ నాకు ఆ అందం చూస్తే ఒళ్ళు మండింది. ఇంత చోటు వదిలి అతను మా లింబాయత్ సందులోకి వచ్చి, నా చెమట వాసన పట్టిన పరుపు మీద పడుకుని, చివరికి ఏం పట్టుకుపోయాడు?

బండి ఆపితే నిశ్శబ్దం. నాకు నిశ్శబ్దం పడదు. చుట్టూ చప్పుడు లేకపోతే చెవిలో సాంచాలు మొదలవుతాయి. అక్కడ చెట్ల కింద కూర్చుని బిస్కెట్లు తింటుంటే ఎనిమిది సాంచాలూ ఒకేసారి ఆడాయి. ఒక గుట్ట మలుపులో చాయ్ అమ్మే ముసలామె దగ్గర ఆగి, చాయ్ కావాలన్నాను. "మెల్లగా అడుగు నాయనా, నాకు చెవుడు లేదు" అంది ఆమె మరాఠీలో. "నాకుంది" అన్నాను. ఆమె నవ్వి చాయ్‌లో అల్లం కొంచెం ఎక్కువ వేసింది.

ఇక ఆ రోజు సంగతి రాయాలి. తప్పించుకోవడానికి దారి పొడుగునా చాలా చెట్లు వర్ణించవచ్చు గానీ, దానికోసం ఇంతదూరం రాలేదు.

శ్రావణంలో వచ్చే నూలు పున్నమి మా పద్మశాలీలకు పెద్ద పండుగ. ఆ రోజు కొత్త జంధ్యం వేసుకుంటాం. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, పసుపు దారం కడతాం. ఊళ్ళో మా ఇంట్లో గుంటమగ్గం ఉన్నప్పుడు మా అమ్మ ఆ పొద్దున ముందు చేసే పని, మగ్గానికి అక్కడక్కడ చుట్టి ఉన్న పాత పీలికలన్నీ విప్పి పారేయడం. పాత పీలిక ఉన్నచోట కొత్త దారం కట్టకూడదు. సూరత్ సాంచాలకు ఈ పండుగ అక్కర్లేదు, అవి ఇనుపవి, సేటువి. కానీ మాకు అక్కర. సేటును బతిమాలి, పొద్దున పాళీ మారేముందు అరగంట పూజకు అనుమతి తెచ్చుకున్నాం. ఆ వరుసలో పూజ చేసే పని నాది, ఎందుకంటే ఆ రాత్రి పాళీ నాదే.

ఆ రాత్రే ఏడో సాంచా మొండికేసింది. పిడి వెనక్కి లాగి ఆపితే ఆగేది. ఆగి, కాసేపటికి తనంతట తానే కదిలేది. తెగిన పోగు అతకడానికి లోపల చెయ్యి పెట్టినవాడి గతి ఏమిటో చెప్పక్కర్లేదు, నేతను దగ్గరికి కొట్టే పలక బరువు అంతా ఇంతా కాదు. మాస్టర్‌కు చెప్పాను. పొద్దున చూస్తానన్నాడు. పిడికి ఎర్ర చిందీ కట్టి, దాన్ని ఆపి ఉంచాను. అంతవరకు అంతా పద్ధతి ప్రకారమే చేశాను.

పొద్దున స్నానం చేసి వచ్చి, ఒకటో సాంచా నుంచి మొదలుపెట్టి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దారం కట్టుకుంటూ వచ్చాను. ఏడో సాంచా దగ్గర పిడికి చిందీ ఉంది. నూనె మరకల మురికి పీలిక. మా అమ్మ చెయ్యి నా చేతిలోకి వచ్చినట్టే వచ్చింది. పీలిక విప్పి జేబులో పెట్టుకుని, అక్కడ పసుపు దారం కట్టాను. పూజ అయ్యాక మళ్ళీ కడదామనుకున్నాను. ఎనిమిదోది కూడా కట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి చూసేసరికి మా పద్మశాలీ సంఘం హాల్లో జంధ్యాలు వేసే వేళ దగ్గరపడింది. సాంచాల చుట్టూ తిప్పి అప్పజెప్పడానికి ఆగలేదు. గేటు దగ్గరే అతను ఎదురయ్యాడు. కొబ్బరి ముక్క చేతిలో పెట్టి, బొట్టు పెట్టి, కుడి మణికట్టుకు ఒక దారం కట్టాను. రక్ష అన్నాను. "మంచిగుండు తమ్మీ" అన్నాడు. ఏడో సాంచా మాట నా నోటి దాకా రాలేదు. మరిచిపోయాను. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండేదని తొమ్మిదేళ్ళు వెతికాను, దొరకలేదు.

హాల్లో ఒంటిమీద చొక్కా లేకుండా వరుసలో కూర్చుని ఉన్నాను. మావాడొకడు పరుగెత్తుకొచ్చి, ఏడో సాంచాలో భావూ చెయ్యి పడిందని చెప్పాడు. నేను అలాగే పరుగెత్తాను. అతన్ని రిక్షాలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. చిటికెన వేలు, బొటనవేలు మిగిలాయి. మణికట్టుకు నేను కట్టిన దారం అలాగే ఉంది. నర్సు దాన్ని కత్తిరించి చెత్తబుట్టలో వేసింది.

సాయంత్రం సేటు వచ్చాడు. రావడానికి ముందే మా సంఘం పెద్దమనిషి ఒకాయన నన్ను మెట్ల కిందికి పిలిచాడు. ఆయనకు అప్పటికే అంతా నేను చెప్పేశాను. జేబులోంచి ఆ చిందీ తీసి చూపించాను కూడా.

"పూజ మీద మాట రానియ్యకు" అన్నాడు ఆయన. "గుడ్డ విప్పినమని తెలిస్తే సేటు రేపటి సంది మన పండుగలన్ని బంద్ చేపిస్తడు. ఒక్క కార్ఖానా కాదు, అన్నిట్ల. నువ్వు చెప్పినవ్, ఆయన ఇనలే. గంతే. పోయిన వేళ్ళు మల్ల వస్తయా నువ్వు నిజం చెప్పితె?"

సేటు అడిగాడు. చిందీ కట్టానన్నాను. నోటితో కూడా చెప్పానన్నాను. చిందీ ఊడిపడి ఉంటుందని, చెప్పినా వినిపించుకోకుండా సాంచా నడిపాడని తేలిపోయింది. ఇంత సులువుగా ఒక మనిషి మీద నింద వేయవచ్చని నాకు అంతవరకు తెలియదు.

అంతటితో అయిపోలేదు. మూడోరోజు జ్వరం తగ్గాక అతనే నన్ను అడిగాడు. "తమ్మీ, నువ్వు నాకు నిజంగ చెప్పినవా? నాకు యాదికొస్తలేదు."

అప్పుడు చెప్పాల్సింది. వార్డులో మేమిద్దరమే ఉన్నాం. నేను "చెప్పిన భావూ. గేటు కాడ చెప్పిన. నువ్వు పరాకుల ఉంటివి" అన్నాను.

అతను చాలాసేపు ఆలోచించాడు. "అట్లనే అయ్యుంటది" అన్నాడు చివరికి. "బిడ్డకు సంబంధం చూస్తున్నరని ఇంటికాడి మనాదిల ఉంటి." తన జ్ఞాపకం కంటే నా మాటనే ఎక్కువ నమ్మాడు. పదకొండేళ్ళు ఒకరి మాట మీద ఒకరం ఆ ఇనుములో చేతులు పెట్టినవాళ్ళం. నమ్మక ఏం చేస్తాడు?

నెల తిరక్కుండానే అతను ఊరికి పోయాడు. ప్రతి దీపావళికీ ఫోన్ చేసేవాడు. పిల్లల సంగతి, జీడికాపు సంగతి, వానల సంగతి అయ్యాక, పెట్టేసేముందు ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు. "జర జాగ్రత్త తమ్మీ. నా లెక్క పరాకు పడకు." ఎవరైనా నన్ను నలుగురిలో చెప్పుతో కొట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ఈ ఏడు సేటు ఆ పాత సాంచాలన్నిటినీ తుక్కు కింద అమ్మేశాడు. కొత్త యంత్రాలు వస్తున్నాయి, వాటికి మాలాంటి వాళ్ళు అక్కర్లేదు. ఏడో సాంచాను లారీ ఎక్కిస్తుంటే నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఏ పూజలూ ఆగలేదు. ఏటేటా మావాళ్ళు కట్టిన దారాలు పిడి నిండా పేరుకుపోయి, నల్లగా, బిరుసుగా ఉన్నాయి. కాపాడుకోవాలని పెద్దమనిషి అన్న పండుగ అదే. ఆ సాయంత్రమే నా భార్యకు మొదటిసారి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "గాయనకు చెప్పు, నాకెందుకు చెప్తవ్?" అంది.

దాభోళ్ దగ్గర ఏటిని పడవ మీద దాటాలి. కార్లు, మోటారుసైకిళ్ళు అన్నీ ఎక్కించుకునే పెద్ద పడవ. టికెట్ తీసుకున్నాను. పడవ వచ్చింది, నేను ఎక్కలేదు. రెండోసారి వచ్చింది, అప్పుడూ ఎక్కలేదు. ఒడ్డున మడచెట్లు నిజంగానే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాయి. అతను ఉన్నమాటే చెప్పాడు, నేనే నమ్మలేదు. ఇంటికి తిరిగిపోతే ఎవరికీ తెలియదు. నా భార్యకు చెప్పానని అబద్ధం చెప్పవచ్చు, నాకు అలవాటున్న పనే. టికెట్లు చూసే మనిషి నా దగ్గరికి వచ్చి, "కాకా, పోతారా, టికెట్ వాపసు చేస్తారా?" అని అడిగాడు. మూడోసారి సిగ్గుపడి ఎక్కాను. ధైర్యం వచ్చి ఎక్కానని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు.

మూడోరోజు మధ్యాహ్నానికి అతని ఊరు చేరాను. ఊరంటే ఊరేమీ కాదు, అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళు. రోడ్డు ఆగిపోయిన చోట బండి పెట్టి, జీడిచెట్ల మధ్య కాలిబాటన దిగాను. ఎర్రరాతి గోడల ఇల్లు. వాకిట్లో అతను కొబ్బరిమట్టలు పోగు చేస్తున్నాడు. జుట్టు మొత్తం నెరిసింది. నన్ను చూసి మట్ట కింద పడేశాడు.

"వచ్చినవా తమ్మీ" అన్నాడు. నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఎడమ భుజం మీద రెండు వేళ్ళే తగిలాయి.

అతని భార్య బయటికొచ్చింది. ఆమెను నేను ఫోటోలోనే చూశాను. నేనెవరో అతను చెప్పగానే ఆమె చేతులు జోడించి, నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. నేను వెనక్కి గెంతాను. "ఆ రోజు నువ్వు ఎత్తుకుపోకపోతే ఈయన మాకు దక్కేవాడు కాదు" అంది. అందరికీ చెప్పిందట ఆ సంగతి. ఊళ్ళో నేను దేవుణ్ణి.

అన్నం తినకముందే చెప్పాలని మూడు రోజులు అనుకున్నాను. ఆమె చేపలపులుసు, బియ్యప్పిండి రొట్టెలు వడ్డించింది. తిన్నాను. రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాను. అతన్ని నొప్పించడం ఇష్టంలేక ఆగానని అనుకుంటే నాకు కొంచెం మర్యాదగా ఉంటుంది. నిజానికి చెబితే ఆ అన్నం పెట్టరని భయపడ్డాను.

తింటున్నంతసేపూ అతని భార్య మాట్లాడుతూనే ఉంది. మంచి మనిషి, నవ్వుతూ చెబుతుంది. నాకు మరాఠీ మాట్లాడటం అంతంతమాత్రమైనా వింటే బాగానే అర్థమవుతుంది, లింబాయత్ సగం మరాఠీవాళ్ళే కదా. "ఈయన వేంధళా" అంది. వేంధళా అంటే పరాకు మనిషి, చేతిలోది జారవిడిచే మనిషి. కత్తి ఆయన చేతికివ్వదట. చెట్టెక్కనివ్వదట. బావి గిలక దగ్గరికి పోనివ్వదట. "చెప్పినా వినకుండా మిషన్‌లో చెయ్యి పెట్టిన మనిషిని ఎట్లా నమ్మేది? దీపావళికి కూతురు పసిపిల్లతో వచ్చింది, ఆ మనవరాల్ని ఇంతవరకు ఈయన చేతికి ఇవ్వలేదు." అని లోపల ఉయ్యాల వైపు చూపించింది. అతను తల వంచుకుని నవ్వుతున్నాడు. అలవాటైన నవ్వు. కార్ఖానా మొత్తంలో అంత జాగ్రత్త మనిషి లేడు.

చేతులు కడుక్కున్నాక, తోట చూపిస్తానని తీసుకుపోయాడు. ఒక మామిడిచెట్టు కింద నేను ఆగిపోయాను.

"భావూ, ఆ రోజు నేను నీకు చెప్పలేదు" అన్నాను.

గట్టిగానే వచ్చి ఉంటుంది నా గొంతు. చెట్టు మీద కోతులు దూకి పోయాయి. మిగతాదంతా ఆగకుండా చెప్పాను. చిందీ నేనే విప్పానని, దారం కట్టానని, గేటు దగ్గర మరిచిపోయానని, సేటుకు అబద్ధం చెప్పానని, వార్డులో అతనికే అబద్ధం చెప్పానని. అతను నా మొహం వైపు చూడలేదు. తన చెయ్యి వైపు కూడా చూడలేదు.

"ఎవలెవలకు ఎర్క?" అన్నాడు.

"సంఘం పెద్దమనిషికి. ఆయన చెప్పంగ... మావాళ్ళకు చానమందికి."

"అంటే లింబాయత్ల అందరికి ఎర్కనే. నాకొక్కనికే ఎర్క లేదు."

అతను కిందపడ్డ ఎండు పుల్లను కాలితో పక్కకు నెట్టాడు.

"చెయ్యి పోతె పోయింది తమ్మీ. మరిచిపోయిన అని అప్పుడే అంటే నేను నిన్ను ఏమందును? నేను మరువనా ఎప్పుడన్నా?" అతని గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు సులువయ్యేది. "యాదికి తెచ్చుకుందామని ఎన్నిసార్లు చూసిననో నీకు తెల్వదు. గేటు కాడ నువ్వు ఏమన్నవు, నేను ఏమన్న, ఒక్కొక్క మాట. నువ్వు చెప్పిన మాట మాత్రం యాదికి రాకపోయేది. నా బుర్రే ఖరాబయిందనుకున్న. ఏదన్న పట్టుకుంటే నాకే భయం. తొమ్మిదేండ్లు."

తర్వాత, "పా. ఆమెకు చెప్పు" అన్నాడు.

"భావూ..."

"నేను చెప్తే నమ్మది. నువ్వు దేవునివి గదా, నువ్వు చెప్పు."

అతని భార్య వాకిట్లో అంట్లు తోముతోంది. నేను ఎదురుగా నిలబడి హిందీలో చెప్పాను. ఆమెకు సగమే అర్థమైంది. మళ్ళీ చెప్పమంది. రెండోసారి వచ్చినంత మరాఠీలో చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం. ఆమె బూడిద చేతులతో అలాగే కూర్చుండిపోయింది. నావైపు చూడలేదు. మొగుడినే చూస్తోంది. ఆ తొమ్మిదేళ్ళలో ఆయన్ని తాను అన్న మాటలన్నీ ఆమెకు గుర్తొస్తున్నాయని చూస్తుంటేనే తెలిసింది.

లేచి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. లోపలికి పోయి, ఉయ్యాలలోంచి పసిపిల్లను ఎత్తుకుని వచ్చింది. ఏడ్చుకుంటూనే వచ్చి, మొగుడి ముందు నిలబడి, పిల్లను అందించింది.

అతను చేతులు చాచబోయాడు. సగం దాకా చాచాడు. వెనక్కి తీసుకుని వీపు వెనక పెట్టుకున్నాడు.

"వద్దు" అన్నాడు ఆమెతో. "పడేస్తానేమో."

ఆమె మళ్ళీ ముందుకు చాచింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

నేను చెప్పులు తొడుక్కుని కాలిబాట ఎక్కి, బండి దగ్గరికి నడిచాను. ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు.